ఆమె మార్కులు ఎవరి ఖాతాలోకి?

పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో ఒకప్పుడు ‘గ్రీన్‌కార్డు ఉన్న వరుడు’ అని ఉండేది. ఇప్పుడు ‘కెనడా పి.ఆర్.’, ‘ఆస్ట్రేలియా పి.ఆర్.’ అని కూడా కనిపిస్తోంది. కట్నం బేరంలో ఆ రెండక్షరాలకి ఎంత బరువుందో మనలో పంచాయితీలకు కూర్చునే వాళ్ళందరికీ తెలుసు. పి.ఆర్. అంటే శాశ్వత నివాస హక్కు. పౌరసత్వం కాదు గానీ దానికి ముందు మెట్టు. ఆ దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు, ఎవరి దగ్గరైనా పనిచేయొచ్చు, చదువుకోవచ్చు. ఆ హక్కు ఎవరికివ్వాలో తేల్చడానికి ఈ దేశాలు వయసుకిన్ని, చదువుకిన్ని, ఉద్యోగానుభవానికిన్ని, భాషకిన్ని అని లెక్క కడతాయి. వాళ్ళు పాయింట్లంటారు. పరీక్ష కాగితం దిద్దినట్టే కాబట్టి మనం మార్కులందాం.

ఈ మార్కుల గొడవ మనకెందుకు, అదంతా పెద్ద చదువులు చదివిన ఉద్యోగస్తుల వ్యవహారం కదా అని ఆమధ్య మా సమావేశంలో ఒకావిడ అన్నారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ మా సలహా కేంద్రానికి వస్తున్న కేసులు చూస్తుంటే ఆ దేశంలో అడుగుపెట్టాక భార్యాభర్తలిద్దరిలో ఎవరి మాట చెల్లుతుందనేది దరఖాస్తు నింపిన రోజే సగం తేలిపోతోందనిపిస్తోంది. ఆ ఫారంలో ఒకరు ‘ప్రధాన దరఖాస్తుదారు’, రెండోవారు ‘వెంట వచ్చే వ్యక్తి’. మన ఇళ్ళల్లో మొదటి గడిలో ఎవరి పేరు రాస్తారో చెప్పనక్కర్లేదు. అలా రాయాలని కెనడా నిబంధనల్లో ఎక్కడా లేదు. ‘భర్త’ అన్న మాట కూడా అందులో లేదు. రాస్తున్నది మనమే.

మొదట ఈ మార్కుల పద్ధతికి రావాల్సిన గౌరవం ఇచ్చేద్దాం. కెనడా 1908లో ఒక నియమం పెట్టింది: సొంత దేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా ప్రయాణం చేసి వచ్చినవాళ్ళనే రానిస్తామని. భారతీయులని పేరు పెట్టకుండానే భారతీయులను ఆపడానికి అది సరిపోయింది. 1914లో 376 మందితో వాంకూవర్ రేవుకి చేరిన కొమగట మారు ఓడను రెండు నెలలు నీళ్ళల్లోనే నిలబెట్టి వెనక్కి తోలారు. జాతిని బట్టి ఎంపికచేసే పద్ధతిని 1962లో వదులుకున్నాక, 1967లో మార్కుల పద్ధతి వచ్చింది. అప్పుడు 100కి 50 వస్తే చాలు. చర్మం రంగు చూసి తీర్పు చెప్పే అధికారి చేతికి మార్కుల పట్టిక ఇవ్వడం చిన్న విషయం కాదు. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు, తప్పయితే అడగొచ్చు. అయితే జాతి గీటురాయి పోయాక మిగిలిన గీటురాళ్ళు ఎవరి బతుకును చూసి తయారుచేసినవి?

2025 నాటి నిబంధనలే చూద్దాం. నైపుణ్యం గల విదేశీ ఉద్యోగులకు తొలి వడపోతలో 100కి 67 రావాలి. భాషకు 28, చదువుకు 25, అనుభవానికి 15, వయసుకు 12, అక్కడ ముందే ఉద్యోగం దొరికి ఉంటే 10, ఇమిడిపోగల శక్తికి 10. ఇది దాటినవాళ్ళను 2015 జనవరి నుంచి ‘ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ’ అనే వరుసలో నిలబెట్టి, 1200 మార్కుల ఇంకో పట్టికతో కొలిచి, పైనున్న వాళ్ళను పిలుస్తున్నారు. ఈ రెండో పట్టికలో వయసుకు పూర్తి మార్కులు 20 నుంచి 29 ఏళ్ళ మధ్యనే. ముప్ఫై నుంచి ఏటా తగ్గుతూ పోయి, 45 నిండేసరికి సున్నా. ఇరవై నుంచి ముప్ఫై దాకా మన ఆడపిల్లకు ఏమవుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పెళ్ళి, కాపురం పెట్టడం, కాన్పు, పాలు మాన్పించడం, అత్తగారి ఆపరేషను, రెండో కాన్పు. మార్కులు నిండుగా రాలే కాలమూ, ఇంటి చాకిరీ నిండుగా మీదపడే కాలమూ ఒకటే.

ఇక అనుభవం. గత పదేళ్ళలో, కనీసం ఒక ఏడాదిపాటు, ఆగకుండా, జీతానికి చేసిన పని ఉండాలి. ఆగకుండా అన్న మాట గమనించండి. పదో నెలలో పురిటికని ఉద్యోగం మానేసి, పిల్ల నడిచాక ఇంకోచోట చేరితే ఆ రెండు ముక్కలూ కలిపి ఏడాది కాదు. జీతానికి అన్న మాట కూడా గమనించండి. జీతం లేకుండా చేసింది పని కిందికి రాదు. పదేళ్ళ సంగతి తర్వాత చెబుతాను, అసలు ఉరి అక్కడుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, మా దగ్గరికొచ్చే జంటల్లో తరచు కనిపించే వివరాలు కలిపి వేసింది. అతనికి 36 ఏళ్ళు, బి.టెక్., పన్నెండేళ్ళ ఉద్యోగం, ఇంగ్లీషు పరీక్షలో కెనడా వాళ్ళ కొలతతో ఎనిమిదో స్థాయి. ఆమెకు 32 ఏళ్ళు, ఎం.ఎస్సీ., 23 నుంచి 26 దాకా మూడేళ్ళు ఇంటర్ కాలేజీలో లెక్చరర్. పాప పుట్టాక మానేసింది. ఆరేళ్ళుగా ఇంట్లోనే ఉంది. ఇంగ్లీషులో తొమ్మిదో స్థాయి తెచ్చుకోగలదు, ఎందుకంటే పాఠం చెప్పిన నోరు.

అతను ప్రధాన దరఖాస్తుదారై, ‘నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, నీకు పరీక్షలెందుకు, ఫీజు దండగ’ అని ఆమె చదువూ భాషా చూపించలేదనుకోండి. మొత్తం 303. ఆమెను లెక్కలోంచి తీసేసి, తను ఒక్కడే వెళుతున్నట్టు చూపిస్తే 322. ఆశ్చర్యపోకండి, పెళ్ళికాని వాడికో, ఒంటరిగా వెళ్ళేవాడికో గరిష్ఠ మార్కులు కొంచెం ఎక్కువ. ఆమె డిగ్రీలు మదింపు చేయించి, ఇంగ్లీషు పరీక్ష రాయించి, వెంట వచ్చే భార్యగా చూపిస్తే 333. ఎంత చదివినా, ఎంత బాగా మాట్లాడినా భార్య ఖాతా నుంచి భర్త ఖాతాలో పడేవి చదువుకు 10, భాషకు 20, కెనడాలోనే పనిచేసి ఉంటే ఇంకో 10. పన్నెండు వందల్లో నలభై.

నాలుగో లెక్క సాధారణంగా ఎవరూ వేయరు. ఆమెనే మొదటి గడిలో రాస్తే? వయసుకు 85, ఎం.ఎస్సీ.కి 126, భాషకు 116. ఉన్నత చదువు, మూడేళ్ళ అనుభవం, మంచి భాష కలిస్తే వచ్చే అదనపు మార్కులు 100. వెంట వచ్చే భర్త చదువుకు 8, భాషకు 12. మొత్తం 447. ఆరేళ్ళుగా వంటింట్లో ఉన్న మనిషి, పన్నెండేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి కంటే 114 మార్కులు ముందుంది.

447 వచ్చినా పిలుపు వచ్చి తీరుతుందని నేను చెప్పడంలేదు. కెనడాలో ఇప్పటికే పనిచేస్తున్న వాళ్ళ కోసం 2025లో జరిపిన ఎంపికల్లో 500 పైన వచ్చినవాళ్ళనే పిలిచారు. ఫ్రెంచి వచ్చినవాళ్ళకూ, నర్సుల వంటి ఆరోగ్య వృత్తుల వాళ్ళకూ విడిగా ఎంపికలున్నాయి, 2025 నుంచి స్కూలు టీచర్లకూ ఒక వర్గం పెట్టారు. ఏదైనా రాష్ట్ర ప్రభుత్వం కావాలని కోరితే ఒక్కసారిగా 600 కలుస్తాయి. ముందే చూసుకున్న ఉద్యోగానికి ఇచ్చే అదనపు మార్కులను 2025 మార్చిలో ఈ రెండో పట్టికలోంచి ఎత్తేశారు. నియమాలు ఏడాదికోసారి కాదు, నెలకోసారి మారుతున్నాయి. కాని నా ప్రశ్న పిలుపు వస్తుందా రాదా అన్నది కాదు. ఫీజు పుచ్చుకుని ఫారాలు నింపే కన్సల్టెన్సీల్లో ఎంతమంది ఆ నాలుగో లెక్క వేసి చూపిస్తున్నారు? చూపిస్తే ఎన్ని కుటుంబాలు ఒప్పుకుంటాయి? ‘భార్య వీసా మీద వెళ్ళాడట’ అని నలుగురూ అంటారని 114 మార్కులు వదులుకున్న ఇల్లు నాకు తెలుసు.

రెండో లెక్క దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 303 కంటే 322 ఎక్కువ కదా, ‘ముందు నేను వెళ్ళి స్థిరపడతాను, తర్వాత నిన్ను పిలిపించుకుంటాను’ అంటాడు. ఇందులో మోసం ఉండి తీరాలని లేదు. ప్రేమగా ఉండే భర్తలు కూడా అంటారు. కాని భార్య ఉందని ఫారంలో రాసి, ఆమెకు వైద్యపరీక్ష చేయించి, ‘ఇప్పుడు వెంట రావడంలేదు’ అని చూపించడం వేరు. అసలు ఆమె ఉన్నట్టే చెప్పకపోవడం వేరు. దాచిపెట్టిన భార్యను తర్వాత కుటుంబ సభ్యురాలిగా పిలిపించుకునే హక్కు సాధారణంగా అతనికే ఉండదు. కొన్ని సందర్భాల్లో సడలించినా దానిమీద ఆశపెట్టుకోలేం. దాచకుండా చూపించినా, ఆమె వెళ్ళాలంటే అతను అక్కడి నుంచి స్పాన్సర్ చేయాలి. ఎప్పుడు చేస్తాడో, చేస్తాడో చేయడో అతని ఇష్టం. అప్పటిదాకా ఆమె అత్తగారింట్లో, వీడియో కాల్ కోసం ఎదురుచూస్తూ. వదిలేసిన ఎన్నారై భర్తల గురించి జాతీయ మహిళా కమిషన్‌లో విడిగా విభాగం ఉంది. ఎన్నారై పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ బిల్లు 2019లో రాజ్యసభలో పెట్టినా చట్టం కాలేదు. లా కమిషన్ తన 287వ నివేదికలో, 2024 ఫిబ్రవరిలో, సమగ్రమైన చట్టం కావాలంది. ఇవన్నీ పెళ్ళాం మిగిలిపోయాక చేసే వైద్యాలు. 19 మార్కుల కోసం ఆమెను వదిలి వెళ్ళిన రోజు మన దగ్గర ఎవరూ లెక్క అడగలేదు.

కలిసే వెళితే సంగతేమిటి? ఇక్కడ ఒక మంచి మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆడవాళ్ళకు ఇది తెలియక భయపడి పడుంటున్నారు. వెంట వచ్చిన భార్యగానైనా సరే, పి.ఆర్. పొంది కెనడాలో దిగాక ఆ హక్కు ఆమెది. కార్డు ఆమె పేరునే వస్తుంది. నిజమైన పెళ్ళి తర్వాత చెడిందనో, విడాకులయ్యాయనో దాన్ని తీసేయరు. అయిదేళ్ళలో 730 రోజులు ఆ దేశంలో ఉంటే చాలు. ‘నా వీసా మీద వచ్చావు, పంపించేస్తాను జాగ్రత్త’ అనే బెదిరింపు పి.ఆర్. వచ్చాక ఉత్త బెదిరింపే. స్పాన్సర్ చేసి రప్పించుకున్న భార్యల మీద మాత్రం, పెళ్ళయి రెండేళ్ళు కాకుండా, పిల్లలు లేకుండా ఉంటే, అక్కడికి వెళ్ళాక రెండేళ్ళు భర్తతో కలిసి బతికితీరాలని 2012 అక్టోబరులో షరతు పెట్టారు. హింసకు గురైతే మినహాయింపు అన్నారు గానీ, ఆ రుజువులు తెచ్చుకోవాల్సింది దెబ్బలు తిన్న మనిషే. ఆ షరతు 2017 ఏప్రిల్‌లో పోయింది. పి.ఆర్. ఇంకా రాక, అతని పర్మిట్ ఆధారంగా తాత్కాలిక వీసాపై అక్కడున్న స్త్రీ స్థితి మాత్రం పెళుసు. దరఖాస్తు తేలకముందే కాపురం చెడితే అతని దరఖాస్తులో ఆమెకు చోటుండదు. హింస నుంచి బయటపడాలనుకునే అలాంటి వాళ్ళకు 2019 జూలై నుంచి ఫీజు లేకుండా కనీసం ఆరు నెలల తాత్కాలిక నివాస పర్మిట్ ఇస్తున్నారు, దాంతోపాటు పనిచేసుకునే వీలూ, వైద్యమూ. ఈ సమాచారం టొరంటోలో ఉన్న అమ్మాయి కంటే ముందు ఆమె తల్లికి తెలియాలి. ఎందుకంటే ఫోను ముందు తల్లికే వస్తుంది.

ఇక పదేళ్ళ ఉరి. పదేళ్ళు దాటిన అనుభవం లెక్కలోకే రాదు. మన లెక్కలో ఆమె 26 ఏళ్ళకు ఉద్యోగం మానేసింది. 35 నిండాక కొంతకాలానికి ఆ గడువులో ఆగకుండా చేసిన ఏడాది అంటూ మిగలదు. 447 లోంచి కొన్ని తగ్గడం కాదు, తొలి వడపోతలోనే ఆమె నిలబడదు, ఎప్పుడూ ఉద్యోగం చేయని మనిషి కింద లెక్క. అమెరికాలో హెచ్-4 వీసా మీద కూర్చున్న మన తెలుగు అమ్మాయిల గురించి నాకు ఎక్కువ దిగులు ఇందుకే. అక్కడ మార్కుల పద్ధతి లేదు. గ్రీన్‌కార్డుకు ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ళ వరుస ఏళ్ళ తరబడి కదలదు. హెచ్-4 మీద ఉన్నవాళ్ళకు పనిచేసే అనుమతే 2015 మే దాకా లేదు. తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే. ఇంజనీరింగ్ చదివి, రెండేళ్ళు హైదరాబాదులో ఉద్యోగం చేసి, పెళ్ళయి అక్కడికెళ్ళి, ఏడెనిమిదేళ్ళు ఇంట్లో కూర్చున్న అమ్మాయి ‘ఇది కాకపోతే కెనడాకు ప్రయత్నిద్దాం’ అనుకునేసరికి ఆమె అనుభవం కరిగిపోయి ఉంటుంది. హెచ్-1బి ఉద్యోగులకు కెనడా 2023 జూలైలో పదివేల వర్క్ పర్మిట్లు తెరిస్తే రెండు రోజుల్లోపే నిండిపోయాయి. అవి కూడా హెచ్-1బి ఉన్నవాళ్ళకి, వాళ్ళ ద్వారా భార్యలకి.

అసలు నైపుణ్యం అంటే ఏమిటి? పసిపిల్లను కనిపెట్టుకోవడం, మంచాన పడ్డ ముసలివాళ్ళకు అన్నీ చేయడం నైపుణ్యం కాదట. ఉద్యోగాలను అంతస్తులుగా విడదీసిన కెనడా జాబితాలో ఇంట్లో పిల్లలను చూసే పని, ముసలివాళ్ళకు సాయపడే పని కింది అంతస్తులో ఉంటాయి. నైపుణ్యం గల ఉద్యోగుల దారికి పనికిరావు. అలాగని ఆ పని ఆ దేశానికి అక్కర్లేదా అంటే, 1992 నుంచి 2014 దాకా ‘లివ్-ఇన్ కేర్‌గివర్’ అనే పథకం కింద ఫిలిప్పీన్స్ నుంచి వేలమంది ఆడవాళ్ళను తెచ్చుకున్నారు. యజమాని ఇంట్లోనే ఉండి రెండేళ్ళు చేస్తేగాని పి.ఆర్. అడగడానికి వీల్లేదు. ఇంజనీరు భార్యకు విమానం దిగగానే వచ్చే హక్కు కోసం ఆయా తన పిల్లల్ని ఊళ్ళో వదిలి ఊళ్ళేలే దొరల పిల్లల్ని రెండేళ్ళు ఎత్తుకోవాలి. 2014లో యజమాని ఇంట్లోనే ఉండాలన్న షరతు తీశారు. ఆ తర్వాత పథకాలు తెరవడం, మూయడం, పరిమితులు పెట్టడం జరుగుతూనే ఉంది. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ ఖద్దామా వీసా మీద కువైట్ వెళ్ళే మన అక్కచెల్లెళ్ళకైతే ఆ ఆశ కూడా లేదు. పాతికేళ్ళు చేసినా అకామా కఫీల్ చేతిలోనే. వాళ్ళ పనీ, మన ఎం.ఎస్సీ. అమ్మాయి ఆరేళ్ళ చాకిరీ ఒకటే పని. ఒకచోట జీతం ఉంది గానీ హక్కు లేదు, ఇంకోచోట జీతం లేదు గనుక మార్కు లేదు.

కెనడా 2002 నాటి వలస చట్టంలో, ఈ చట్టం ఆడవాళ్ళమీదా మగవాళ్ళమీదా వేరువేరుగా ఎలా పనిచేస్తోందో ఏటా పార్లమెంటుకు చెప్పాలని రాసుకుంది. ఆ వాక్యాన్ని పట్టుకుని అక్కడి తెలుగు స్త్రీలు అడగాల్సింది చాలా ఉంది. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఏళ్ళను పదేళ్ళ గడువులోంచి మినహాయించమని అడగొచ్చు. వెంట వచ్చే మనిషి విలువ నలభై దగ్గరే ఎందుకు ఆగాలని అడగొచ్చు. తమ దేశానికి ఎవరు కావాలో వాళ్ళే ఎంచుకుంటారు, మనమెవరం అని కొందరంటారు. ఎంచుకోనివ్వండి. ఎంచుకునే కొలత న్యాయంగా ఉందని కూడా వాళ్ళే అంటున్నారు కదా, ఆ మాటనే మనం పరీక్షిస్తున్నాం.

ఇక్కడ మనం చేయగలిగింది వేరు. ఇంగ్లీషు పరీక్ష ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది, డిగ్రీల మదింపు అయిదేళ్ళు. ఇవి రెండూ ఆమె పేరున చేయించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కంతా అనుభవం కాగితంతోనే. చేసిన పని, వారానికి ఎన్ని గంటలు, జీతమెంత అన్నీ ఆ ఉత్తరంలో ఉండాలి. మన ప్రైవేటు కాలేజీల సంగతి మీకు తెలిసిందే. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు లాగేసుకుని, సగం జీతం చేతికిచ్చి, వదిలి వెళ్ళేటప్పుడు ‘పనిచేసింది’ అని రెండు వాక్యాలు రాసి పంపిస్తారు. అది పనికిరాదు. గంటల లెక్కన చేసిన లెక్చరర్ పని కూడా చెల్లుతుంది, వారానికి 15 గంటల చొప్పున రెండేళ్ళు చేస్తే ఏడాది కింద లెక్క. కాబట్టి ఉద్యోగం మానేస్తున్న రోజే, చంకలో బిడ్డ ఉన్నా సరే, ఆ ఉత్తరం రాయించుకుని బయటికి రావాలి. తర్వాత ఆ కాలేజీ ఉండకపోవచ్చు, ప్రిన్సిపాల్ మారిపోవచ్చు.

పోయిన ఏడాది మా కేంద్రానికి ఒకమ్మాయి గృహహింస కేసు విషయమై వచ్చింది. కెనడా ఊసే ఎత్తలేదు. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం, బీరువా, సామాను తిరిగి ఇప్పించాలని పిటిషన్‌లో జాబితా రాస్తున్నాం. అన్నీ చెప్పడం అయిపోయాక లేవబోతూ, ‘నా ఎం.ఎస్సీ. సర్టిఫికెట్లు కూడా మా అత్తగారి బీరువాలోనే ఉన్నాయండీ, అవి కూడా రాయొచ్చా’ అని అడిగింది. జాబితా మళ్ళీ మొదలుపెట్టి, టెన్త్ మెమో నుంచి కాలేజీవాళ్ళిచ్చిన ఉత్తరం దాకా ఒక్కొక్క కాగితాన్నీ బంగారానికి పైన, ఒకటో నంబరు నుంచి రాశాం.